ముందు లెక్క తేలాలి: నల్లగొండ, పాలమూరు క్యాన్సర్ పరిశోధనలో తొలి రూపాయి ఎక్కడ పెట్టాలి?

2022లో తెలంగాణలో కొత్తగా 49,983 మంది క్యాన్సర్ బారిన పడి ఉంటారని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత నల్లగొండ జిల్లాలో 34.88 లక్షల మంది, పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో 40.53 లక్షల మంది ఉన్నారు. రెండూ కలిపితే 75.4 లక్షలు. రాష్ట్ర జనాభా 3.5 కోట్లలో ఇది 21.5 శాతం. ఆ దామాషాలో పంచితే ఈ రెండు పాత జిల్లాల వాటా ఏడాదికి సుమారు 10,700 కొత్త కేసులు, అంటే రోజుకు 29.

ఈ 10,700 కూడికలు, భాగహారాలతో వచ్చిన అంకె. గట్టు మండలంలోనో చందంపేట మండలంలోనో ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టింది కాదు. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికకు దేశవ్యాప్తంగా 28 జనాభా రిజిస్ట్రీలు సమాచారం ఇచ్చాయి. ఒక ప్రాంతంలో నివసించే వాళ్లలో ఎవరికి క్యాన్సర్ వచ్చినా నమోదు చేసేదే జనాభా రిజిస్ట్రీ. ఆ 28లో తెలంగాణ నుంచి ఉన్నది హైదరాబాద్ జిల్లా ఒక్కటే. నగరంలో లెక్క ఉంది, పల్లెకు అంచనా ఉంది.

పెద్ద ఆస్పత్రులు కట్టడం, ఖరీదైన యంత్రాలు తేవడం గురించి మనం తరచూ మాట్లాడుకుంటాం. వాటికంటే ముందు రావాల్సిన చిన్న ఖర్చు ఒకటి ఉంది. ఈ ప్రాంతానికి సరిపడే ప్రశ్నను ఎంచుకుని, వేర్వేరు శాస్త్రాల వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, తక్కువ డబ్బుతో, తక్కువ మందితో దాన్ని ముందుగా పరీక్షించడానికయ్యే ఖర్చు అది. దాన్నే పైలట్ నిధి అంటారు. అది ఎలా పనిచేస్తుందో, నల్లగొండకు, పాలమూరుకు ఎందుకు అవసరమో అంకెల సాయంతో చూద్దాం.

39.5, 101.6: ఈ తేడా ఎక్కడిది?

2020 నివేదిక ప్రకారం హైదరాబాద్ జిల్లాలో లక్ష మంది మగవాళ్లకు ఏడాదికి 101.6 కొత్త కేసులు, లక్ష మంది ఆడవాళ్లకు 136. వయసుల తేడాలను సర్దుబాటు చేశాక వచ్చిన రేట్లు ఇవి. రొమ్ము క్యాన్సర్‌లో దేశంలోనే ఎక్కువ రేటు హైదరాబాద్‌దే: లక్ష మంది స్త్రీలకు 48.

అదే నివేదికలో అన్నిటికంటే కింద ఉన్నవి మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్ జిల్లాలు. అక్కడ మగవాళ్లలో 39.5, ఆడవాళ్లలో 49.4. ఒకప్పుడు ఈ రెండూ మహబూబ్‌నగర్, నల్లగొండలతో పాటు నిజాం రాజ్యంలోనివే. తక్కువ వానలు, మెట్ట సేద్యం, వలసలు అక్కడా ఉన్నాయి.

నగరానికీ మెట్ట పల్లెకూ మధ్య రెండున్నర రెట్లకు పైగా తేడా ఉంది. దీనికి రెండు కారణాలు ఉండవచ్చు. పల్లెలో క్యాన్సర్ నిజంగానే తక్కువ కావచ్చు. లేదా జబ్బు ఉండీ, రోగ నిర్ధారణ దాకా రాకుండానే మనుషులు చనిపోతూ ఉండవచ్చు. మొదటిదే నిజమైతే పల్లె జీవనంలో ఏది కాపాడుతోందో వెతకాలి. రెండోదే నిజమైతే పరీక్షల కోసం పరుగెత్తాలి. ఈ రెండు దారులకూ కావాల్సిన డబ్బు వేరు, మనుషులు వేరు. ఏ దారిలో వెళ్లాలో తెలియకుండా కోట్లు ఖర్చుపెట్టకూడదు.

బోరు వేసే ముందు పాయింటు చూపించుకోని రైతు ఈ రెండు జిల్లాల్లో ఉండడు. లక్షలు భూమిలో పోసే ముందు కొన్ని వేలు పెట్టి నీటి జాడ చూసుకుంటాడు. పరిశోధనలో పైలట్ నిధి చేసే పనీ అదే.

16 మందిలో 10 మంది: చిన్న అంకెలో పెద్ద మలుపు

పైలట్ అనగానే తక్కువ మంది, తేలని ఫలితం అన్న చిన్నచూపు ఉంటుంది. ఆధునిక క్యాన్సర్ మందుల చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం 16 మంది పిల్లలతో మొదలైంది. అందులో మన తెలుగువాడి చేయి ఉంది.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో రసాయన పరిశోధనకు నాయకత్వం వహించారు. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ రోగ నిర్ధారణ శాస్త్రవేత్త. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన పదార్థాలు ఇచ్చినప్పుడు జబ్బు తగ్గకపోగా ఉధృతమైనట్టు ఫార్బర్ గమనించాడు. ఆ వైఫల్యమే తర్వాతి ప్రశ్నకు దారి చూపింది. ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచుతుంటే, దాని పనిని అడ్డుకునే పదార్థం ఇస్తే ఏమవుతుంది? ఆ పదార్థాన్ని తయారు చేయడం వైద్యుడి చేతిలో లేదు, రసాయన శాస్త్రవేత్తల చేతిలో ఉంది. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ అందించింది.

1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితం వెలువడింది. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఎవరికీ పూర్తిగా నయం కాలేదు. అయినా మందుతో రక్త క్యాన్సర్‌ను వెనక్కి నెట్టవచ్చని తేలింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్ వార్డుల్లో రోజూ వాడుతున్న మందు. సంపన్న దేశాల్లో పిల్లలకు వచ్చే ప్రధాన రకం రక్త క్యాన్సర్ నుంచి నేడు 90 శాతం వరకు బతికి బయటపడుతున్నారు.

ఈ ఘట్టంలో గుర్తుంచుకోవాల్సినవి మూడు. ప్రశ్న ఆస్పత్రిలో పుట్టింది, జవాబు రసాయన శాలలో దొరికింది. అంతకుముందు వచ్చిన చెడు ఫలితాన్ని దాచిపెట్టలేదు. 16 మంది సరిపోయారు, ఎందుకంటే అడిగిన ప్రశ్న సూటిగా ఉంది.

50,915 మంది పల్లెవాసుల నోళ్లు

పలు శాస్త్రాల కలయికకు ఇంకో తెలుగు ఉదాహరణ శ్రీకాకుళం. అక్కడి పల్లెల్లో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్ట నిప్పును నోటి లోపల ఉంచి కాల్చే అలవాటు ఉండేది. దాని వల్ల అంగిట్లో క్యాన్సర్ రావడాన్ని వైద్యులు గమనించారు. 1960లలో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో ఉన్న దంత పరిశోధన విభాగం శ్రీకాకుళంతో సహా దేశంలోని ఐదు జిల్లాల్లో సర్వే చేసింది. 50,915 మంది నోళ్లను పరీక్షించింది. 1969లో వెలువడిన ఆ అధ్యయనంలో దంత వైద్యులు, కణజాల నిపుణులు, గణాంక నిపుణులు కలిసి పనిచేశారు. భౌతిక, గణిత శాస్త్రాలకు పేరున్న సంస్థలో నోటి క్యాన్సర్ పరిశోధన సాగింది.

దంత వైద్యుడు ఒక్కడే వెళ్లి ఉంటే తెల్లమచ్చలు చూసేవాడు. గణాంక నిపుణుడు తోడుండటంతో ఏ అలవాటు ఉన్నవాళ్లలో ఏ మచ్చ ఎంత తరచుగా వస్తోందో తేలింది. నోటి క్యాన్సర్‌కు పొగాకుతో ఉన్న సంబంధాన్ని భారతీయ పల్లెల ఆధారంతో నిలబెట్టిన పని అది. 2022లో మన దేశంలో పెదవి, నోటి క్యాన్సర్ కొత్త కేసులు దాదాపు 1.43 లక్షలని అంతర్జాతీయ అంచనా. ఆ సర్వే లేవనెత్తిన సమస్య మన ముందు ఇంకా అలాగే ఉంది.

59 రెట్లు: పల్లి, బూజు, కాలేయం

ఇప్పుడు పాలమూరు మట్టిలోంచి పుట్టే ఒక ప్రశ్న తీసుకుందాం. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, అచ్చంపేట ప్రాంతాలకు పల్లి ప్రధాన పంట. కోతకు ముందు పొలం బెట్టకు గురైనా, కల్లంలో కాయ సరిగ్గా ఎండకపోయినా ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పట్టవచ్చు. అది విడుదల చేసే విషం పేరు అఫ్లాటాక్సిన్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. ఆ విషం దెబ్బ తగిలేది కాలేయానికి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు ఈ విషంతో పాత పరిచయమే. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన ప్రాంతాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం దెబ్బతిన్న ఘటనను ఆ సంస్థ శాస్త్రవేత్తలే పరిశోధించారు. 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు.

అది తక్షణ విషప్రభావం. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తింటే ఏమవుతుందో షాంఘైలో 18,244 మంది మగవాళ్లపై జరిగిన అధ్యయనం చూపింది. అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవాళ్లలో కాలేయ క్యాన్సర్ ముప్పు 3.4 రెట్లు. హెపటైటిస్ బి వైరస్ ఒక్కటే ఉన్నవాళ్లలో 7.3 రెట్లు. రెండూ ఉన్నవాళ్లలో 59.4 రెట్లు. విషమూ వైరసూ ఒకే శరీరంలో కలిసినప్పుడు ముప్పు ఒక్కసారిగా అంత ఎత్తుకు లేచింది.

భారత్‌లో 2.98 కోట్ల మంది హెపటైటిస్ బి తో జీవిస్తున్నారని 2022కు సంబంధించి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి పాలమూరు ప్రశ్న ఇలా ఉండాలి: ఇక్కడి వాళ్ల రక్తంలో ఈ రెండూ కలుస్తున్నాయా? కలుస్తుంటే ఎంతమందిలో?

ఈ ప్రశ్నకు క్యాన్సర్ వైద్యుడు ఒక్కడే జవాబు చెప్పలేడు. ఏ పొలంలో, ఏ నెలలో బూజు పడుతుందో వ్యవసాయ శాస్త్రవేత్తకు తెలుసు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పల్లిలో అఫ్లాటాక్సిన్‌ను పట్టే పరీక్షలపై ఏళ్లుగా పనిచేసింది. రక్తంలో విషం జాడను జీవరసాయన శాస్త్రవేత్త కొలవాలి. వైరస్‌ను సూక్ష్మజీవుల విభాగం చూడాలి. ఇంట్లో ఎవరు ఏ గింజలు తింటున్నారు, మంచివి మార్కెట్‌కు పోయి నాసివి ఇంటికి మిగులుతున్నాయా అన్నది ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడగలిగిన సామాజిక శాస్త్రవేత్త కనుక్కోవాలి.

పైలట్‌కు లెక్క ఎలా కట్టాలో చూడండి. దేశ సగటు ప్రకారం కాలేయ క్యాన్సర్ ఏడాదికి లక్ష మందికి మూడు కంటే తక్కువే. వెయ్యి మందిని ఎంచుకుని ఎవరికి క్యాన్సర్ వస్తుందా అని కాచుకుంటే ఒక్క కేసు కోసం 30 ఏళ్లకు పైగా ఆగాలి. అంత వ్యవధి ఏ పైలట్‌కూ ఉండదు. అందుకే జబ్బును కాకుండా జబ్బుకు దారితీసే జాడను కొలుస్తారు. తిన్న అఫ్లాటాక్సిన్‌లో కొంత రక్తంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తికి అతుక్కుని రెండు మూడు నెలలు ఉంటుంది. చిన్న రక్త నమూనాతో ఆ మధ్యకాలంలో ఒంట్లోకి ఎంత విషం చేరిందో అంచనా కట్టవచ్చు. వెయ్యి మందిలో నూటికి ఇద్దరు, ముగ్గురు హెపటైటిస్ బి ఉన్నవాళ్లు దొరికినా 20 నుంచి 30 మంది అవుతారు. వాళ్లలో విషం జాడ ఎంతమందిలో ఉందో చూస్తే, పెద్ద అధ్యయనానికి దిగాలా వద్దా అన్నది తేలిపోతుంది. పైలట్ నుంచి ఆశించాల్సింది ఆ తేల్చివేతే.

300 నమూనాల్లో సున్నా వస్తే?

పాలమూరు యాసంగి పల్లికి మార్కెట్‌లో మంచి పేరుంది. బోర్ల కింద, నీటి తడితో పండుతుంది కాబట్టి బూజు బెడద తక్కువని వ్యాపారులు అంటారు. ఆ పేరే నిజమని పైలట్ తేల్చవచ్చు. అప్పుడు డబ్బు వృథా అయినట్టా?

కానే కాదు. గణాంక శాస్త్రంలో మూడు సూత్రం అని ఒకటుంది. ఎన్ని నమూనాలు చూసినా ఒక్కటీ చెడ్డది దొరకకపోతే, 3ను నమూనాల సంఖ్యతో భాగించాలి. అసలు చెడు శాతం అంతకు మించదని 95 శాతం భరోసాతో చెప్పవచ్చు. 30 నమూనాల్లో సున్నా వస్తే చెడు 10 శాతం దాకా ఉండే అవకాశం మిగిలే ఉంది. 300 నమూనాల్లో సున్నా వస్తే అది 1 శాతానికి తగ్గుతుంది. ఐరోపా సమాఖ్య నేరుగా తినే పల్లిలో మొత్తం అఫ్లాటాక్సిన్‌కు పెట్టిన హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములు. మన ఆహార భద్రతా ప్రమాణాల హద్దు అంతకంటే వదులు. 300 నమూనాలు ఆ కఠిన హద్దు లోపలే ఉన్నాయని తేలితే, ఆ కాగితం రైతు చేతిలో ధర పలికే ఆధారమవుతుంది.

ఇక్కడ గణాంక నిపుణుడు మొదటి రోజే బృందంలో ఉండాలి. బస్తాలో కొన్ని గింజలకే విషం పడుతుంది, మిగతావి శుభ్రంగా ఉంటాయి. పైనుంచి పిడికెడు తీసి పరీక్షిస్తే ఫలితం తప్పుతుంది. నమూనా ఎలా తీయాలో తెలియకపోతే తర్వాత ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా లాభం లేదు.

మందుల పరీక్షల్లోనూ ఈ మూడు సూత్రమే వర్తిస్తుంది. చిన్న అధ్యయనంలో 30 మందికి మందు ఇస్తే ఎవరికీ తీవ్ర దుష్ప్రభావం రాలేదని చదివితే, అది పది మందిలో ఒకరికి మించి రాదన్న హామీ మాత్రమేనని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

నీళ్లలో ఏముంది: భయం వేరు, ఆధారం వేరు

నల్లగొండలో క్యాన్సర్ మాట రాగానే ఫ్లోరైడ్ మాట వస్తుంది. ఫ్లోరోసిస్ ఈ జిల్లా ఎముకల్ని వంచింది, పళ్లను గారపట్టించింది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అయితే తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మూడో వర్గంలో పెట్టింది. క్యాన్సర్ కలిగిస్తుందని చెప్పడానికి ఆధారం చాలదని దాని అర్థం. అదే సంస్థ నీళ్లలోని ఆర్సెనిక్‌ను, రాళ్ల నుంచి వెలువడే రేడాన్ వాయువును, పొగాకును, వక్కను, మద్యాన్ని మొదటి వర్గంలో ఉంచింది.

ఈ తేడా ఇక్కడ చాలా ముఖ్యం. నల్లగొండ, పాలమూరు నేల చాలావరకు గ్రానైట్ రాయి. దేవరకొండ ప్రాంతంలో లంబాపూర్, పెద్దగట్టు దగ్గర, నల్లమలలో అమ్రాబాద్ దగ్గర యురేనియం నిక్షేపాలు ఉన్నాయి. తవ్వకాలను వ్యతిరేకిస్తూ ప్రజలు పోరాడారు. 2019 సెప్టెంబరులో శాసనసభ కూడా వాటికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. తవ్వినా తవ్వకపోయినా రాయి అక్కడే ఉంది, బోరు నీళ్లు ఆ రాయిలోంచే వస్తున్నాయి. యురేనియంకు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. అది ప్రధానంగా మూత్రపిండాలకు చేసే హానిని దృష్టిలో పెట్టుకుని పెట్టిన హద్దు. భూగర్భ శాస్త్రవేత్త నీటి పటం గీయాలి, రేడియేషన్ కొలిచేవాళ్లు ఇళ్లలో రేడాన్ చూడాలి, ఆ పటం మీద క్యాన్సర్ కేసుల పటాన్ని పరచి చూడాలి. రెండో పటం లేకపోతే మొదటి పటం క్యాన్సర్ గురించి ఏమీ చెప్పలేదు.

నల్లగొండకు ఇంకో పాఠం కూడా ఉంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం వాడే పద్ధతిని రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటుంది. రసాయనం సరిగ్గానే పనిచేసింది. కానీ రోజూ సరైన మోతాదు కలపాలి, అడుగున చేరిన మడ్డిని తీసి పారబోయాలి, ఇవన్నీ చేయడానికి ఊళ్లో మనిషి కావాలి. చివరికి జిల్లాకు ఊరట దొరికింది కృష్ణా నీళ్లు కుళాయిల్లోకి వచ్చాకే. ప్రయోగశాలలో గెలిచినది పల్లెలో నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. దాన్ని కూడా పైలట్ దశలోనే అడగాలి.

25 సార్లు రావాలా, 5 సార్లు చాలా?

గద్వాల నుంచి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి 180 కిలోమీటర్లకు పైమాటే. రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ పాత పద్ధతిలో ఐదు వారాల్లో 25 సార్లు ఇచ్చేవారు. కూలీకి పోతేనే పూట గడిచే ఇంట్లో 25 రోజులు అంటే 25 రోజుల కూలి పోవడం, తోడు వచ్చిన మనిషి కూలి కూడా పోవడం. బ్రిటన్‌లో 4,096 మందితో జరిగిన ఫాస్ట్-ఫార్వర్డ్ పరీక్ష 2020లో ఫలితం ఇచ్చింది. ఆపరేషన్ అయిన తొలి దశ రొమ్ము క్యాన్సర్‌లో ఒక వారంలో 5 సార్లు ఇచ్చిన చికిత్స, మూడు వారాల్లో 15 సార్లు ఇచ్చిన చికిత్సకు తీసిపోలేదు.

ఇది భౌతిక శాస్త్రం, వైద్యం కలిసి ఇచ్చిన జవాబు. పాలమూరులో దీనికి ఆర్థిక శాస్త్రం తోడవ్వాలి. సార్లు తగ్గితే మధ్యలో చికిత్స మానేసేవాళ్లు ఎంతమంది తగ్గుతారు? ముంబయి, పుణె వలసపోయిన వాళ్ల చికిత్సను ఎలా కొనసాగించాలి? ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అప్పటినుంచి చికిత్సకు వచ్చినవాళ్ల వివరాలు ఆ పథకం రికార్డుల్లో చేరుతున్నాయి. పేర్లు తీసేసి ఆ రికార్డులను చదివితే, తక్కువ ఖర్చుతో ఎన్నో జవాబులు వస్తాయి.

సున్నా నుంచి 8: మనుషులు ఉన్నారు

2016కు ముందు ఈ రెండు పాత జిల్లాల్లో ఒక్క ప్రభుత్వ వైద్య కళాశాలా లేదు. 2016లో మహబూబ్‌నగర్, 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి వచ్చాయి. 2024 నాటికి మొత్తం 8. వీటికి తోడు బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. 2018 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 1,028 కోట్ల రూపాయల అంచనాతో దాన్ని ఆమోదించింది. 2019లో 50 మంది విద్యార్థులతో తరగతులు మొదలయ్యాయి. చికిత్స, బోధన, పరిశోధన మూడూ ఒకే చోట జరగాల్సిన సంస్థ అది. గంటన్నర ప్రయాణంలో జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఇక్రిశాట్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇంత దగ్గరగా ఇన్ని శాస్త్రాలు ఉన్న వైద్య కేంద్రాలు దేశంలో ఎక్కువ లేవు.

డబ్బు విషయానికొస్తే, దేశం మొత్తం పరిశోధనపై పెట్టే ఖర్చు 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. 2023లో చట్టం చేసిన జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు ఐదేళ్లలో 50,000 కోట్లు సమకూర్చాలని లక్ష్యం. అందులో 36,000 కోట్లు ప్రభుత్వేతర వర్గాల నుంచే రావాలి. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో బహుశాస్త్ర పరిశోధన యూనిట్లు పెట్టే కేంద్ర పథకం ఇప్పటికే ఉంది. ఒక్కో యూనిట్‌కు పరికరాలకు, గదులకు కలిపి ఒకేసారి 5.25 కోట్ల వరకు ఇస్తారు. వైద్య విద్యార్థులకు సెలవుల్లో చిన్న పరిశోధన చేయించే ఐసీఎంఆర్ పథకం 1979 నుంచి నడుస్తోంది.

అమెరికాలో పైలట్ దశకు విడిగా ఒక తరహా గ్రాంటు ఉంది. రెండేళ్లకు కలిపి 2,75,000 డాలర్ల వరకు ఇస్తారు. ముందస్తు ఫలితాలు చూపించమని పట్టుబట్టరు. ఆ షరతు లేకపోవడమే దాని ప్రాణం. ఫలితాలుంటేనే డబ్బిస్తామంటే, తొలి ఫలితానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? కొత్త కళాశాలలో చేరిన యువ అధ్యాపకుడు పెద్ద సంస్థలతో పోటీపడి ఎప్పుడూ ఓడిపోతాడు. అందుకే పైలట్ నిధికి మూడు నియమాలు ఉండాలి. కనీసం రెండు వేర్వేరు శాస్త్రాల వాళ్లు కలిసి దరఖాస్తు చేయాలి. ప్రశ్న స్థానికంగా పుట్టాలి. ఫలితం ఎటువైపు వచ్చినా ప్రచురించాలి.

సుమారు 14,000 మంది బాలికలు: నమ్మకం పోతే

పైలట్‌ చిన్నది కదా అని జాగ్రత్తలు తగ్గించకూడదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో దాదాపు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ఇచ్చిన ప్రాజెక్టు దీనికి సాక్ష్యం. కొందరు బాలికలు మరణించారన్న వార్తల తర్వాత 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చనే విచారణ సంఘం తేల్చింది. కానీ సమ్మతి తీసుకున్న తీరులో తీవ్ర లోపాలు బయటపడ్డాయి. చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

నష్టం ఎవరికి? 2022లో దేశంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా వచ్చినవాళ్లు 1.27 లక్షలు, చనిపోయినవాళ్లు దాదాపు 80 వేలు. ఆ క్యాన్సర్‌ను నివారించగలిగే టీకాపైనే అనుమానం ముసిరింది. పల్లెకు వచ్చే ప్రతి పరిశోధకుడినీ నాలుగు మాటలు అడిగే హక్కు మనకుంది. ఇది చికిత్సా, పరిశోధనా? నా రక్తాన్ని దేనికి వాడతారు? జబ్బు ఉందని తేలితే వైద్యం ఎవరు చేయిస్తారు? ఫలితాన్ని మా ఊరికి తెలుగులో ఎప్పుడు చెబుతారు? వీటికి సూటిగా జవాబు రాస్తేనే నైతిక సంఘం అనుమతి ఇవ్వాలి.

పల్లెల్లో పరిశోధన ఏం సాధించగలదో ముందు చెప్పుకున్న ఉస్మానాబాద్ చూపించింది. అక్కడ 52 గ్రామ సమూహాల్లో 30 నుంచి 59 ఏళ్ల 1,31,746 మంది స్త్రీలతో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్షకు కేటాయించిన 34,126 మందిలో ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్‌తో 34 మంది చనిపోయారు. పరీక్ష చేయని 31,488 మందిలో 64 మంది చనిపోయారు. మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఇంత రుజువు ఉన్నా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు 1.9 శాతమే.

38 నుంచి 51: లెక్కపెట్టడమే వైద్యమైన చోటు

ఉస్మానాబాద్ అధ్యయనాన్ని నడిపింది పక్కనే ఉన్న బార్షీ అనే చిన్న పట్టణంలోని క్యాన్సర్ ఆస్పత్రి. దేశంలో తొలి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ అక్కడే 1987లో మొదలైంది. పల్లెవాళ్లు క్యాన్సర్ ఉందని చెప్పుకోరు, పెద్దాస్పత్రికి పోరు. అందుకని రిజిస్ట్రీ సిబ్బంది ఊళ్లకు వెళ్లారు. ఊరి పెద్దలను, పాత రోగులను కలిశారు. లక్షణాలు చెప్పి, అనుమానం ఉన్నవాళ్లను ఆస్పత్రికి పంపారు. వాళ్ల పని లెక్క రాయడం. కానీ ఆ తిరుగుడుతోనే ఊళ్లలో అవగాహన పెరిగింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను మొదటి, రెండో దశల్లోనే గుర్తించినవాళ్లు 1988-89లో 38 శాతం ఉండగా, 1990-92కు 51 శాతానికి చేరారు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు.

నల్లగొండ, పాలమూరులో తొలి పైలట్ నిధి ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు నా జవాబు బార్షీయే. ముందుగా రెండు మూడు మండలాలు చాలు. ఒకటి నల్లమల అంచున, ఒకటి మూసీ పరీవాహకంలో, ఒకటి పల్లి పండే చోట. ఎనిమిది వైద్య కళాశాలల సామాజిక వైద్య విభాగాలు, బీబీనగర్ ఎయిమ్స్, ఆశా కార్యకర్తలు, ఆరోగ్యశ్రీ రికార్డులు, పంచాయతీ మరణ రిజిస్టర్లు ఒక్క లెక్క కోసం కలవాలి. కంప్యూటర్ నిపుణుడు ఒకే మనిషి రెండుసార్లు లెక్కలోకి రాకుండా చూడాలి. వలస వెళ్లినవాళ్లను సామాజిక శాస్త్రవేత్త వెతికి పట్టుకోవాలి. వాళ్లు ముంబయిలో చనిపోతే పాలమూరు లెక్కలో కనబడకుండా పోతారు.

పల్లి ప్రశ్న, రేడాన్ ప్రశ్న, దూరం ప్రశ్న అన్నీ ఆ లెక్క మీదే నిలబడతాయి. ఏ మండలంలో ఏ క్యాన్సర్ ఎక్కువో తెలిశాకే ఏ శాస్త్రవేత్తను ఎక్కడికి పిలవాలో తెలుస్తుంది. భాగహారం చెప్పిన 10,700 కంటే ఆ మండలాల అసలు లెక్క ఎక్కువే రావచ్చు, తక్కువే రావచ్చు. ఏది వచ్చినా ఇక్కడి క్యాన్సర్ గురించి మాట్లాడటానికి అప్పుడు మనకు సొంత అంకె ఉంటుంది. ఆ అంకె సంపాదించేందుకు తిరిగే క్రమంలోనే కొందరి జబ్బు రెండో దశ దాటకముందే దొరుకుతుంది. తొలి రూపాయి అక్కడ పెట్టాలి.